పటంలో గీసిన దిబ్బ

"డబ్బా కదిలిందండీ!" అని ఫోన్ స్పీకర్లో భార్య అరిచినట్టు వినబడింది పటాలు గీసే పటాలాయనకి.

"కదిలితే పట్టుకో. మూత గట్టిగా నొక్కు," అన్నాడాయన కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

"మూతేంటండీ! నేను దాని మీదే నిలబడున్నాను!"

"డబ్బా మీదా? నీ బరువుకి అదెంతసేపు ఆగుతుందే?"

సరస్సు ఒడ్డునున్న ఆ ఆఫీసులో అందరూ పకపకా నవ్వారు. ఆవిడ పొద్దున్నే మొక్కల నమూనాలు తేవడానికి డబ్బాలు వేసుకుని పడవెక్కిన సంగతి వాళ్లకి తెలుసు. గాలి హోరులోంచి ఆవిడ గొంతు మళ్లీ వచ్చింది.

"డబ్బా కాదు మహాప్రభో, దిబ్బ! మీరు పటంలో గీసిన దిబ్బ! నాతో సహా ఎటో పోతోంది!"

ఫోను తెగింది. నవ్వులూ తెగాయి.

ఆ సరస్సులో ఏ మొక్క ఎక్కడుందో పటం గీయడం ఆ ఆఫీసు పని. అక్కడే పుట్టి పెరిగిన తామర, కలువ, జమ్ములకి ఆకుపచ్చ రంగు. చుట్టపుచూపుగా వచ్చి ఇల్లు కాజేసిన గుర్రపుడెక్కకి ఎరుపు. గట్టినేలకి గోధుమరంగు. భార్య నీళ్లలో దిగి మొక్కల్ని చూసొచ్చేది. మొగుడు డ్రోన్ తీసిన ఫొటోలు ముందేసుకుని గీసేవాడు. బకెట్లో నీళ్లు తొణికినా నీరుకారిపోయే మనిషి. "మా ఆయన సరస్సంతా ఈదేశారు, మౌసు పట్టుకుని," అని ఆవిడ నలుగురిలో ఆటపట్టించేది.

కాళ్ల కింద నేల కదిలిపోయిందనేది ఉత్త మాటవరస అనుకున్నాడు ఇన్నాళ్లూ. అక్కడ భార్యకి నిజంగానే కదిలింది. ఇక్కడ ఆయనకి కుర్చీలో కూర్చునే కదిలింది.

ఇంతలో పడవ నడిపే సరంగు రొప్పుకుంటూ లోపలికొచ్చాడు.

"డబ్బాలు చాలలేదంటే తేవడానికి ఒడ్డుకొచ్చా మేడం. అమ్మ దిబ్బ మీదే ఉంటానంది. తిరిగెళ్లి చూస్తే దిబ్బా లేదు, అమ్మా లేదు. అంతా నీళ్లే!"

"దిబ్బ ఎక్కడికి పోతుందయ్యా, బజారుకా?" ఆఫీసుని నడిపే పెద్ద మేడం కుర్చీలోంచి లేచింది. "నువ్వే దారి తప్పి ఏ బురదలోనో దింపుంటావు. పటంలో గుర్తున్న చోటుకి రెండు పడవలూ పంపండి. దాని చుట్టూ వెతకండి!"

అప్పుడు తగిలింది పటాలాయనకి, గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు.

కిందటి వారం, ఇలాగే గాలి వీచిన రోజున, డ్రోన్ ఆ దిబ్బవి రెండు ఫొటోలు తీసింది. పొద్దున తీసినదాంట్లో అది సరస్సు నడుమ ఉంది. సాయంత్రం తీసినదాంట్లో అవతల జమ్ము మొక్కల్ని ఆనుకుని ఉంది. దిబ్బకి కాళ్లుంటాయా, కెమెరాకే కళ్లు లేవనుకుని, రెండో ఫొటోలోంచి దిబ్బని ఎత్తి మొదటి చోట కూర్చోబెట్టాడు. పైన గోధుమరంగు పూశాడు.

అది నేల కాదు. ఏళ్ల తరబడి పేరుకున్న గుర్రపుడెక్క చాప. పైన మట్టి పట్టి, గడ్డి మొలిచి, దిబ్బ వేషం కట్టింది. నేలలో దిగిన వేరు వేరు, నీళ్లలో వేలాడే వేరు వేరు. డెక్కలున్నది గాలి తోలితే పరిగెత్తదా? కాలు పెట్టగానే మెత్తగా తగిలినా, మొగుడు గోధుమరంగు పూశాడు కదా అని నమ్మి దిగుంటుంది పిచ్చిది.

అలాంటి చాప గాలికి చిరుగుతుంది. చిరిగిన చోట మనిషి జారిందంటే, ఆకులు మళ్లీ కలుసుకుంటాయి, తలుపు మూసుకున్నట్టు.

"గుర్తు దగ్గరికి కాదు! జమ్ము వైపు!" అని అరిచాడు.

"అటెందుకయ్యా?" అంది పెద్ద మేడం.

 ఆయన పరిగెత్తుకెళ్లి, జీవితంలో మొదటిసారి పడవెక్కాడు.

పడవ ఊగినప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు. రెండు చేతులా అంచు పట్టుకుని, "పటాలు గీసేవాణ్ణే, నా చేత నీకు పటం కట్టించకే," అని గొణుక్కుంటూనే ఉన్నాడు. సరంగు మాత్రం, "అక్కడే దింపా సార్, ఒట్టు," అని తనలో తానే అనుకుంటున్నాడు.

జమ్ము కంచెలా అడ్డం నిలబడి దిబ్బని ఆపింది. ఆగిన దిబ్బని వెనక నుంచి గాలి నెడుతుంటే, పాతచీర చింపుతున్న చప్పుడుతో అది పరపరా విచ్చిపోతోంది. ఆవిడ బోర్లా పడుకుని ఉంది. ఒక కాలు తొడదాకా కిందికి దిగిపోయింది. గుప్పిట నిండా జమ్ము కాడలు పట్టుకుంది.

"మోటార్ ఆపు! వేళ్లు చుట్టుకుంటే మన కాపురమూ ఇక్కడే!" అన్నాడు పటాలాయన. సరంగు గెడ వేసి పడవని చాప పక్కకి చేర్చాడు. రెంటి నడుమా నల్లటి నీళ్లు నోరు తెరిచాయి. పటాలాయన పడవ ముక్కు మీద పొట్ట ఆనించి, చెయ్యి చాచాడు.

"లేవకే! పాకు!"

"పాకుతూనే ఉన్నానండీ! మీరు ముందు కళ్లు తెరవండి!"

తెరిచాడు. మణికట్టు దొరికింది. ఇద్దరు మగాళ్లూ లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఆవిడ పడుకున్న చోట ఆకులు మెల్లగా దగ్గరికొచ్చి కలిసిపోయాయి.

ఒడ్డున ఆఫీసంతా గుమిగూడింది. ఎవరో తువ్వాలు కప్పారు, ఎవరో టీ తెచ్చారు.

"జమ్ము వైపని భలే పసిగట్టావయ్యా!" అని పటాలాయన భుజం తట్టి, పెద్ద మేడం సరంగు వైపు తిరిగింది. "నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు. మనిషిని ఎక్కడ దింపావో తెలీనివాడికి పడవ ఎందుకు?"

సరంగు తలదించుకున్నాడు. "గుర్తు మీదే దింపానమ్మా... ఏమో, నాకే తికమకైందేమో."

 పటాలాయన ఊరుకుంటే ఎవరికీ తెలీదు. ఆఖరికి భార్యకి కూడా. ఆవిడ వణుకుతూ టీ తాగుతోంది. ఆ వణుకు చూశాక ఊరుకోలేకపోయాడు.

"మేడం, అతనికి తికమక లేదు. తికమక నాది," అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "రెండు ఫొటోల్లో దిబ్బ రెండు చోట్ల ఉంది. ఫొటోదే తప్పనుకుని దిబ్బని లాగి నేనే సర్దేశాను. అది నేల కాదు, గుర్రపుడెక్క. ఎరుపు పూయాల్సిన చోట గోధుమరంగు పూశాను. మా ఆవిడ అది నమ్మి దిగింది."

ఆవిడ కప్పు దించింది. 

"అంటే సార్," అన్నాడు సరంగు నెమ్మదిగా, "నేను దింపిన చోటు..."

"నేను చూపించిన చోటే దింపావయ్యా. అక్కడ నేల లేదు, నా రంగుంది అంతే."