జెండా ముడి

పంద్రాగస్టు పొద్దున సుకన్య పొయ్యి ముందు కూర్చుని మిరపకాయ బజ్జీలు వేస్తోంది. జెండా పండక్కి వచ్చేవాళ్లందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ సర్పంచ్ ఇంటి నుంచే పోవాలట. ఆ సర్పంచ్ తనే. నూనె చిట్లుతున్నదీ తన చేతుల మీదే.

మొగుడు లక్ష్మప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు ఉపన్యాసం వల్లిస్తున్నాడు. "జల్దీ కానీమే, వాడు జెండా ఎత్తే పొద్దాయె" అని వాకిట్లోంచి అత్త భీమక్క కేకేసింది. వాడట! సుకన్యకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

ఎమ్మిగనూరు పక్కనున్న ఈ నేతగాళ్ల పల్లె నుంచి సీఆర్‌పీఎఫ్‌లో చేరిన మొదటి ఆడపిల్ల సుకన్య. పెళ్లయినా ఉద్యోగం వదల్లేదు. శ్రీనగర్ చలిలో గస్తీ కాసింది, బస్తర్ అడవుల్లో తుపాకీ మోస్తూ నడిచింది, హవల్దారయింది. మగ్గం ఆడని నెలల్లో ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె జీతంతోనే. సెలవులో ఇల్లు చేరితే మాత్రం బూట్లు విప్పగానే అదే పొయ్యి దగ్గరికి నడవాలి. రిటైరై వచ్చాక సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. యూనిఫాంలో ఉన్న ఆమె ఫొటోతో ఫ్లెక్సీలు వేయించి, ఇంటింటా ఓట్లడిగింది లక్ష్మప్పే. గెలిచిన మర్నాటి నుంచి కుర్చీలో కూర్చున్నదీ లక్ష్మప్పే. "నువ్వు సంతకం పెట్టు సాలు. ఆడోళ్లకు ఈ రాజకీయమంతా తలనొప్పి" అన్నాడు. బాంబులు పేలే దారుల్లో నడిచిన మనిషికి తలనొప్పట! ఇంట్లో రచ్చ ఎందుకని ఇన్నాళ్లూ ఊరుకుంది.

పంచాయతీ ఆఫీసు ముందు ఆమెకు ఆడవాళ్ల వరుసలో చోటిచ్చారు. జెండాలో పూలు పోసి, మడిచి, ముడివేసి స్తంభం పైకి ఎక్కించింది లక్ష్మప్పే. తాడు లాగాడు. జెండా విచ్చుకోలేదు. ఇంకా లాగాడు. చేతికి అలవాటైన ముడి వేసేశాడు మహానుభావుడు. మగ్గం మీద తెగిన పోగుల్ని కలిపే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప విడదు. బడిపిల్లలు కిసుక్కుమన్నారు. "ఇంగా గట్టిగా లాగప్పా!" అన్నాడు వార్డు మెంబరు ఉచ్చీరప్ప.

సుకన్య కొంగు దోపుకుని లేచింది. భీమక్క చెయ్యి పట్టుకుంది.

"కూసోమే, మొగోళ్లు సూసుకుంటారు."

"ఇది నా పని అత్తా" అని చెయ్యి విడిపించుకుంది.

జెండా కిందికి దించింది. బిగుసుకున్న ముడిని ఓపికగా విప్పింది. మళ్లీ పూలు సర్ది, జారుముడి వేసి పైకి ఎక్కించింది. ఒక్క లాగు. పూలు జలజలా రాలాయి, జెండా గాలికి రెపరెపలాడింది. ఆమె మడమలు వాటంతటవే కలిశాయి, చెయ్యి నుదుటికి చేరింది. ఎంత గర్వమనిపించిందో! ఈ చెయ్యి, ఈ నడుము, ఈ నిలబడటం అన్నీ తను సంపాదించుకున్నవే, ఎవరో పెట్టిన భిక్ష కాదు. వెనక నుంచి "నా కోడలు" అని పక్కావిడతో భీమక్క చెప్పుకోవడం వినబడింది.

జనగణమన అయిపోయింది. లక్ష్మప్ప చెమట తుడుచుకుని, ఏమీ జరగనట్టే మైకు అందుకున్నాడు.

"మన సర్పంచ్ తరఫున నేను రెండు మాటలు..."

సుకన్య అతని చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది. ఊరంతా వినేలా అంది.

"నువ్వు పోయి కూసో. సర్పంచ్ ఈడనే ఉండాది."