ఎర్ర లైటు ఆరని శుక్రవారం

నాకు ముక్కు మీద కోపమని ఆత్మకూరులో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ నా దగ్గరికే వస్తారంటే నా కుట్టు అలాంటిది. కానీ ఆ శుక్రవారం వచ్చిన కోపం ముందు అంతకు ముందువన్నీ దిగదుడుపే. మనిషి మీద వస్తే నాలుగు మాటలని చల్లబడేదాన్ని. ఇది ఒక లైటు మీద వచ్చింది. గోరంత ఎర్ర లైటు! ఏం చేసినా ఆరదు. తిడదామంటే దానికి చెవుల్లేవు.

అసలు గొడవంతా కర్రి కోసం. కర్రి నా పిల్లి. కాకి నలుపు. ఒక వానాకాలం షాపులోకి జొరబడి, గుడ్డముక్కల సంచిలో పడుకుని, ఇక వెళ్ళనంది. మొగుడితో పడక విడిగా వచ్చేసి ఈ ఊళ్ళో షాపు పెట్టుకున్నదాన్ని నేను. సాయంత్రం షట్టర్ దించి మెట్లెక్కితే నాకు ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. అది లేని ఇంట్లోకి అడుగుపెట్టడం నా వల్ల కాదు. పోనీ ఇల్లు మారదామా అంటే కింద షాపు, పైన నా పోర్షన్, గిరాకీ అంతా ఆ మెట్ల కిందే ఉంది.

ఆ ఇంటి ఓనరు సిద్ధయ్య మామ. రిటైరైన బస్సు కండక్టరు. టికెట్ తీయలేదని సొంత బావమరిదినే నడిదారిలో దించేసిన మనిషి. పోయిన వారం కొండాపురంలో చుట్టాల పెళ్ళికి బయల్దేరుతూ, సంచి చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి నాకు తీర్పు చెప్పాడు.

"చూడమ్మాయ్, ఇల్లు కట్టేదానికి తెప్పించుకున్న ఇసకంతా నీ పిల్లికి లెట్రినైపోయింది. మేస్త్రీలు దాంట్లో చెయ్యి పెట్టేది లేదంటుండారు. అది చాలదన్నట్టు పొద్దన్నే గేటు తీస్తే నల్లపిల్లి ఎదురు! మొన్న ఎదురొచ్చిందా, బస్టాండు కాడికి పోకముందే చెప్పు తెగింది. శుక్రవారం సాయంత్రానికి వస్తా. ఈలోగా దానికొక దారి చూస్తివా సరే, లేదా గోతాం పట్టుకోనే మెట్లెక్కుతా. సోమశిల డ్యాం కాడ వదిలేసొస్తా."

అన్నాడంటే చేస్తాడు. నేను ఏడుపు ఆపుకోలేక ఉదయగిరికి మా అమ్మకు ఫోన్ చేశాను. మా అమ్మ మస్తానమ్మకు మేకలున్నాయి. ఆ పాలు రోజూ బ్యాంకు మేనేజరు గారింట్లో పోసేది. ఆ మేనేజరుకు బదిలీ అయి సామాను సర్దుకుంటున్నారు. ఆయన భార్య రేణుకాదేవి గారి పిల్లి ముసలిదై చనిపోయిందట, దాని మిషన్ మాత్రం మిగిలింది. మా అమ్మ నా గోడు చెప్పగానే, "మస్తానమ్మా, ఇది మీ అమ్మాయికి ఇచ్చెయ్" అని మిషన్‌నీ, సగం బస్తా పిల్లి మట్టినీ చేతిలో పెట్టిందట. పిల్లి లోపలికి పోయి పని కానిచ్చుకుని బయటికొస్తే, మిషన్ తనంతట తానే గిర్రున తిరిగి, గలీజునంతా కింద అరలో పడేస్తుంది. వాసన రాదు. ఇసుకతో పనిలేదు. విని నేను షాపులోనే ఎగిరి గంతేశాను.

శుక్రవారం పొద్దున అమ్మ ఉదయగిరి బస్సు దిగింది. మిషన్‌ను ఇద్దరు పట్టుకుని దించారు. పక్కకు ఒరగబెట్టిన పెద్ద కాగులా ఉంది, ముందు గుండ్రటి నోరు.

"బస్సులో అందురూ వాషింగ్ మిషనా, వాషింగ్ మిషనా అని ప్రాణం తీసినారు మే," అంది అమ్మ చెమట తుడుచుకుంటూ. "పిల్లి లెట్రిన్ అని చెప్తే మర్రిపాడు దాకా నవ్వతానే ఉండారు."

పైకి చేర్చామో లేదో నేను ప్లగ్గు పట్టుకున్నాను. అమ్మ నా చేతిమీద ఒకటి వేసింది.

"ఏందా తొందర? కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే ముందు పసుపూ కుంకం తేవా? ఎవురింటి పిల్లవి నువ్వు?"

మా ఇంట్లో అంతే. కుట్టుమిషన్‌కు బొట్టు, ఫ్రిజ్‌కు బొట్టు, గ్యాస్ పొయ్యికి, కరెంటు మీటరుకు, చివరికి ఇస్త్రీ పెట్టెకు కూడా బొట్టే. నా కుట్టుమిషన్ ఒక్కసారీ మొరాయించలేదంటే అది బొట్టు మహిమేనని మా అమ్మ నమ్మకం. పసుపు తడిపి దిట్టంగా అద్ది, నడుమ కుంకం పెట్టి, కొత్త మిషన్‌ను పెళ్ళికూతుర్ని చేసింది. కర్పూరం వెలిగించింది. కొబ్బరికాయ కొడతానంటే నేనే అడ్డుపడ్డాను.

రేణుకాదేవి గారు చెప్పిన లైట్ల సంగతి అమ్మ కంఠతా పట్టుకొచ్చింది. "తెల్లదైతే బాగుండాది. పసుపుదైతే బరువు ఎక్కువైంది. ఎర్రదైతే లోపల పిల్లి ఉండాది, తిరగను అని. ఇంతే."

ఇంతే కదా అనుకున్నాను. కర్రికి అలవాటైంది ఇసుక కాబట్టి, కింద సిద్ధయ్య మామ గుట్ట నుంచి రెండు చేటలు జల్లించి తెచ్చి పోశాను. ప్లగ్గు పెట్టానో లేదో పసుపు లైటు! ఇసుక బరువు దాని వల్ల కాలేదు. మొత్తం తోడేసి, రేణుకాదేవి గారిచ్చిన మట్టి పోసి, కర్రికి వాసన తెలియాలని పైన పిడికెడు ఇసుక మాత్రం చల్లాను. పసుపు లైటు ఆరిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. చప్పట్లు పూర్తి కాకుండానే ఎర్ర లైటు వెలిగింది.

లోపల పిల్లి ఉందట! పిల్లేమో ఫ్రిజ్ మీద కూర్చుని మమ్మల్ని వేడుక చూస్తోంది.

ప్లగ్గు పీకి పెట్టాను. ఎర్రదే. కుట్టుమిషన్ ప్లగ్గులో పెట్టాను. ఎర్రదే. అర లాగి మళ్ళీ తోశాను. లోపల తిరిగే డొల్లను ఊడదీసి, సందులో ఇరుక్కున్న పాత పిల్లి వెంట్రుకలన్నీ ఏరి, మళ్ళీ బిగించాను. అమ్మ టార్చి పట్టుకుని నోట్లో తల దూర్చి, "లోపల పిల్లీ లేదు, పిల్లి పిల్లా లేదు మే," అని తేల్చింది. మిషన్ మాత్రం ఉంది ఉంది అంటుంది. మధ్యాహ్నం దాటింది. కింద షాపు ముందు ఎవరో వచ్చి పిలిచి పోయారు. అన్నం తినబుద్ధి కాలేదు. కొండాపురం బస్సు ఈపాటికి ఎక్కడిదాకా వచ్చిందో అని మాటిమాటికీ గేటు వైపు చూశాను.

రేణుకాదేవి గారికి ఫోన్ కొట్టాను.

"ఎర్ర లైటంటే కన్ను మూసుకుపోయి ఉంటుందమ్మా," అన్నారావిడ నెమ్మదిగా. "నోటికి పైన చిన్న నల్లటి అద్దం ముక్క ఉంటుంది. అదే దాని కన్ను. పిల్లి వచ్చిందీ పోయిందీ దాంతోనే చూస్తుంది. ఒక్కసారి తుడిచి చూడు."

చూశాను. కిందా మీదా చూశాను. చుట్టూ తిరిగి చూశాను. నల్లదేదీ కనబడలేదు.

"లేదండీ. మీ మిషన్‌కు కన్నే లేదు."

"భలేదానివే! రెండేళ్ళు వాడాను, లేకపోవడమేంటి?"

"నా కళ్ళు బాగానే ఉన్నాయండీ. కన్ను ఊడిపోయిన మిషన్‌ను మా అమ్మకు అంటగట్టి, ఉందని నన్ను దబాయిస్తారేంటి?"

అనేసి ఫోన్ పెట్టేశాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఊరికే ఇచ్చిన మహాతల్లిని అంత మాటంటావా? నోరా అది!" నాకప్పుడు సిగ్గూ కోపమూ ఏడుపూ మూడూ కలిసి వచ్చాయి. కర్రిని ఫ్రిజ్ మీద నుంచి దించి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. అది నా మోచేతిని నాకింది. ఈ రాత్రికి ఇది సోమశిల దగ్గర ఏ కుక్కల మధ్యనో ఉంటుందని తలచుకుని దాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

ఫోన్ మోగింది. రేణుకాదేవి గారే.

"నాకేం కోపం లేదులే అమ్మా. పిల్లి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు అలాగే అరుస్తారు, నేనూ అరిచినదాన్నే. ఒక్క మాట విను. ఆ నోటిని మన మొహం అనుకో. మనం బొట్టు పెట్టుకునే చోటు ఉంటుంది చూడు, సరిగ్గా అక్కడ వెతుకు."

తలెత్తి చూశాను. బొట్టు పెట్టుకునే చోట బొట్టు ఉంది. నిండుగా, పసుపు మీద కుంకంతో, కళకళలాడుతూ ఉంది.

పొద్దుట్నుంచి దాన్ని వంద సార్లు చూసి ఉంటాను. చూసినా కనబడలేదు. మీటరు మీది బొట్టు కనబడుతుందా, ఫ్రిజ్ మీది బొట్టు కనబడుతుందా? అదీ అంతే. మా అమ్మ ఏరికోరి దాని కంట్లోనే బొట్టు పెట్టింది!

"మా! కన్ను దొరికింది! దొరికిందే!" అని అరుస్తూ తడిగుడ్డ కోసం పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి అమ్మ మిషన్‌కు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"శుక్రవారం పూట, దీపాలు పెట్టే యాళ, బొట్టు తుడుస్తావా? నా పానం పోయినా తుడవనీను."

"అది మిషన్ మా!"

"పెట్టేటప్పుడు మిషనని పెట్టినానా? బొట్టు బొట్టే. ఆడపిల్లవి, ఇంట్లో బొట్టు తుడిచే పని నీకెందుకు? రేపు తుడువు."

"రేపటికి పిల్లి ఉండదు!"

కింద గేటు కిర్రుమంది. సిద్ధయ్య మామ దగ్గు వినిపించింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. కర్రిని ఎత్తుకుని గట్టిగా పట్టుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుడ్డ కింద పడేసి, "పోనీలే మా, నువ్వూ నీ బొట్టూ సల్లగా ఉండండి," అన్నాను. అంతకంటే పెద్ద తిట్టు నా నోట్లోంచి రాలేదు.

అమ్మ నా మొహం చూసింది. కర్రిని చూసింది. బొట్టును చూసింది. ఉన్నట్టుండి నోట్లో ఏదో గొణుక్కుంటూ చెంబులో ఉంగరం వేలు ముంచింది.

"తుడిచేది తప్పు. అమ్మవారి కాడ కుంకం తీసి పెట్టుకుంటాం, అది తప్పు కాదు గదా."

"మరి తీసి పెట్టుకో! తొందరగా!"

"నాకు ఉండాది. నీకు స్టిక్కరుండాది. తీసింది ఒక నొసట చేరాల కదా." అంటూనే మిషన్ మీది పసుపూ కుంకాన్ని వేలితో ఒడుపుగా తీసి, నా చేతుల్లో ఉన్న కర్రి నొసటన అద్దేసింది. కాకి నలుపు మీద పసుపు గుండ్రం, నడుమ ఎర్రటి కుంకం. మిగిలిన తడిని కొంగు చివరతో ఒత్తింది. దాని కింద చిన్న నల్ల అద్దం నిగనిగా బయటపడింది.

ఎర్ర లైటు ఆరిపోయింది. తెల్లది వెలిగింది. డొల్ల గుర్రుమని నిండుగా ఒక చుట్టు తిరిగి తన చోటికొచ్చి ఆగింది.

మేమిద్దరం కావలించుకుని గెంతుతుండగా సిద్ధయ్య మామ గుమ్మంలోకి వచ్చాడు. అన్న మాట ప్రకారం చేతిలో గోతాం ఉంది.

"ఏందమ్మా ఈ గోల? ఇల్లు కూలేదే తక్కువ. ఏదా పిల్లి?"

మా గెంతులకు కర్రి ఎప్పుడో నా చేతుల్లోంచి దూకేసింది. మిషన్ దగ్గరికి పోయి వాసన చూసింది. ఒక కాలు లోపల పెట్టింది. రెండో కాలు పెట్టింది. తోక కూడా లోపలికి పోయింది. లోపల మట్టి గీరుతున్న చప్పుడు వినిపించింది. టక్కున ఎర్ర లైటు వెలిగింది.

"ఎర్ర లైటు!" అని నేను కేక పెట్టాను. "మామా, చూడు, ఎర్ర లైటు! ఇప్పుడు లోపల నిజంగానే పిల్లి ఉండాది!"

"ఎర్ర లైటుకు ఇంత సంబరమా?" అన్నాడాయన, అయినా వంగి చూశాడు.

కర్రి బయటికొచ్చి కాళ్ళు విదిలించుకుంది. తెల్ల లైటు పడింది. కాసేపు ఏమీ జరగలేదు. ఆ కాసేపూ ముగ్గురం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. అప్పుడు డొల్ల తిరిగింది. గలీజు కింద అరలో దబ్బున పడింది. సిద్ధయ్య మామ అర లాగి చూసి, ముక్కు దగ్గర పెట్టి, మళ్ళీ తోశాడు.

"వాసనే లేదే! మా ఇంట్లోది కూడా ఇంత శుబ్బరంగా ఉండదు." అంతలోనే లోపలికి తొంగిచూసి కనుబొమలు ముడేశాడు. "ఆ మట్టిలో కలిసింది నా ఇసకే కదా?"

"పిడికెడే మామా. నీ ఇసక లేంది అది పోదు."

ఆయన నవ్వలేదు. గోతాం విదిలించాడు. "ఇసక సంగతి సరే. ఎదురు సంగతేంది? ఎంతైనా నల్లపిల్లి నల్లపిల్లే."

సరిగ్గా అప్పుడే కర్రి తిరిగి, తోక నిలబెట్టుకుని, నిదానంగా ఆయనకు ఎదురు నడిచింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేయబోయి ఆగిపోయాడు. దాని నొసట బొట్టు సాయంత్రపు వెలుగులో మెరుస్తోంది. ఆయన చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఆడదా?" అన్నాడు.

"ఆడదే అన్నా," అంది అమ్మ.

"మరేందమ్మా మీరు!" అని నా మీద విరుచుకుపడ్డాడు, దాన్ని తీసుకుపొమ్మని నేనే ఆయన్ని పిలిచినట్టు. "శుక్రవారం పూట పసుపూ కుంకంతో ఎదురొచ్చిన ఆడకూతుర్ని గోతాంలో ఎయ్యమంటావా నన్ను? ఏమనుకుంటుండావు నన్ను?"

తిట్టించుకుంటూ నవ్వాను. నా జీవితంలో అది మొదటిసారి.

ఆయన ఆ గోతాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఎత్తు ఆ పక్క," అని నాతో మిషన్ ఎత్తించి, గచ్చు మీద జారకుండా దాని కిందికి తోశాడు. చేతులు దులుపుకుని గుమ్మం దాకా పోయి, మళ్ళీ ఆగాడు.

"జయశ్రీ, సోమవారం పెన్షన్ పని మీద నెల్లూరికి పోవాల. నేను గేటు తీసేటప్పుడు దాన్ని ఎదురు పంపించు," అన్నాడు. రెండు మెట్లు దిగాక కింద నుంచి గొంతు వచ్చింది. "బొట్టు మాత్రం మర్చిపోబాక!"