రెండు చెంచాల గింజలు

సతుర్నినో మళ్ళీ మూడు బంతులూ తెచ్చి బల్ల మీద పడేశాడు. ఈ వారంలో ఇది నాలుగోసారి.

"ఒకటి బరువుందే. ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

మూడూ ఒక్కటేనయ్యా అని చెప్పీ చెప్పీ నెలిదా నోరు పడిపోయింది. పద్నాలుగేళ్ళుగా కొచబాంబా పట్నం సిగ్నల్ దగ్గర, ఎర్రలైటుకు ఆగిన బళ్ళ ముందు చిల్లర కోసం మొగుడు ఎగరేసే బంతులన్నీ ఆమె చేతివే. పిట్టలకు వేసే గింజలు గ్లాసుతో కొలుస్తుంది, పైన చాకుతో చదును చేస్తుంది, పల్చటి కవర్లో మూటగడుతుంది. మెడ కత్తిరించిన బెలూన్ దానికి తొడిగి, ఆ కన్నం మూసుకునేలా రెండో బెలూన్ అటువైపు నుంచి తొడుగుతుంది. నిన్న చేసినవాటిని పొద్దున సంతలో తక్కెడ మీద కూడా పెట్టించింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒసేయ్ నెలిదా, బంతులకేం రోగం? రోగమంతా మీ ఆయన వేళ్ళకే!" అంది అక్కడ వాటిని తూచిన, గింజలమ్మే బసీలియా.

నెలిదాకు ఒళ్ళు మండింది. బంతులు సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఆ కూడలిలో బంతులాడేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఒకే పూటలో మూడు ఎర్రలైట్లకు బంతి జారవిడిచినవాడు తన మూలను వరసలో ఉన్నవాళ్ళకు వదిలెయ్యాలి. బంతిలోనే లోపముంటే మాత్రం ఆ పూట చెల్లదు. సతుర్నినో ఆ మాట పట్టుకునే నెట్టుకొస్తున్నాడు. వరసలో తర్వాతున్న జెనోబియా, పెద్దాయన కదా అని ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఇవాళ ఇక ఊరుకోలేదట.

"'బాబాయ్, రేపు అందరి ముందూ తూచు. సమానంగా ఉంటే మూల నాది' అనేసిందే," అని చెప్పి అతను గోడకు చేరగిలబడ్డాడు. కాసేపటికి కునుకు పట్టింది.

నెలిదా బంతులు విప్పి మళ్ళీ నింపింది. రేపు తక్కెడలో తేడా కనబడేలా మూడోదాంట్లో రెండు చెంచాలు ఎక్కువ పోసింది. తన చేతిపని మీద తనే ఉమ్మేసుకున్నట్టయింది. అయినా పోసింది. మూల పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని భయం మరి.

లేచాక బంతులు చేతికిచ్చింది. సతుర్నినో ఒక్కొక్కటే ఎగరేసి పట్టాడు. మూడోది అరచేతిలో పడగానే ఆగిపోయాడు.

"రెండు చెంచాలు ఎక్కువేశావు."

నెలిదా అతనికేసి తిరిగింది. "రెండు చెంచాలు పసిగట్టిన చెయ్యికి ఇన్నాళ్ళూ మూడూ ఒకటేనని తెలియలేదా?"

అతను తల దించుకున్నాడు. "తెలుసే. మొదటి రోజే తెలుసు. వేళ్ళు ముడుచుకోవట్లేదు, ఏం చెయ్యమంటావు? నీ మీద తోసేస్తే ఇంకో రోజు గడిచేది."

"నీకు సిగ్గులేదటయ్యా?" అంది. అరుద్దామనుకుంది గాని, అరిచే ఓపిక కూడా లేదు. ఏడుపొచ్చింది.

"విప్పెయ్యి," అన్నాడు సతుర్నినో. "నీ చెయ్యి తప్పింది చూడండని నలుగురిలో నేను తూచి చూపించలేను."

"మూల పోతుంది మరి."

"పోనీయ్."

నెలిదా బెలూన్లు ఊడదీసి, ఎక్కువైన గింజలు తీసేసి, మూడోదానికి మళ్ళీ తొడిగి అతని దోసిట్లో పెట్టింది. ఈసారి అతను ఎగరేసి చూడలేదు.