ఏడు పక్కన చుక్క

మా వర్క్‌షాపు యజమానికి నేనూ మా ఆయనా పెట్టుకున్న పేరు చూద్దాంగారు. జీతం పెంచమంటే చూద్దాం. సెలవడిగితే చూద్దాం. షెడ్డు పైకప్పు కారుతోందంటే తలెత్తి కారుతున్న చోటు చూసి మరీ చూద్దాం. ఇన్నాళ్ళూ నవ్వుకుని ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఆ మాటతో నా పని జరగదు. నాకు ఆయన ఉత్తరం కావాలి.

నేను వెల్డర్ని. మేం వలస వచ్చిన ఈ దేశంలో ప్రభుత్వానికి వెల్డర్లు కరువయ్యారు. ఫలానా పనులు వచ్చినవాళ్ళని మేమే సిఫారసు చేసి శాశ్వత నివాసం ఇప్పిస్తాం అని జాబితా వేశారు. అందులో నా పని ఉంది. మా ఆయన పని లేదు, ఆయన ఒక పెద్ద లాండ్రీలో మిషన్లు నడుపుతాడు. కాబట్టి అర్జీ నా పేరు మీద. ఆయనా, మా పాపా నా వెనక. ఈ సంగతి తెలిసిన రోజు మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్ చేసింది.

"అయితే మావాడు నీ కొంగు పట్టుకుని నడుస్తాడన్నమాట" అంది.

"పనిలో కొంగు ఉండదు వదినా. తోలు ఏప్రన్ కట్టుకుంటాను. అది పట్టుకుంటాడులే" అన్నాను. పక్కనే ఉన్న మా ఆయన నవ్వలేక దగ్గాడు.

నా దరఖాస్తు చూసి, పూర్తి అర్జీ పెట్టుకోమని ప్రభుత్వం నుంచి పిలుపైతే వచ్చింది. ఇక కావలసిందల్లా 'ఈమె నా దగ్గర ఈ పని చేస్తోంది' అని యజమాని రాసిచ్చే ఉత్తరం. నెలాఖరు దాటితే పిలుపు పోతుంది. దాని వెనకే వీసా అయిపోతుంది. పాపని బడి మధ్యలో మానిపించి, పెట్టెలు సర్దుకుని పోవాలి. అడిగితే చూద్దాంగారు ఏమన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

మా షాపులో ఒక పద్ధతుంది. వెల్డింగ్ చేసిన ప్రతి జాయింటు పక్కనా, అది చేసినవాళ్ళు తమ గుర్తు కొట్టాలి. వేలంత ఉక్కు పంచి, దాని కొసన ఒక అంకె. ఇనుము మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే అంకె దిగిపోతుంది, పైన రంగేసినా తడిమితే తెలుస్తుంది. రేపు ఆ జాయింటు ఊడితే ఎవరి గల్లా పట్టుకోవాలో తెలియాలి కదా. నా అంకె ఏడు. నాకు ముందు ఏడు కొట్టినాయన ఎప్పుడో మానేశాడు. ఆయన పని వేరు, నా పని వేరు అని తెలియడానికి నా పంచిలో ఏడు పక్కన ఒక చుక్క చెక్కించుకున్నాను. మా ఆయన దాన్ని దిష్టిచుక్క అంటాడు. బయటికెళ్ళినప్పుడు కనబడిన ప్రతి రెయిలింగు కిందా వంగి చూడటం మా పాపకి ఆట. ఏడు పక్కన చుక్క దొరికితే చాలు, "అమ్మదీ!" అని వీధంతా వినబడేలా అరుస్తుంది. నాకు కాస్త సిగ్గు, చాలా గర్వం.

గడువు దగ్గర పడ్డాక ఒకరోజు చూద్దాంగారు తనంతట తనే పిలిచాడు. షెడ్డు చివర కొత్త ఇనప మెట్లు నిలబెట్టి ఉన్నాయి. ముసలివాళ్ళుండే వసతి గృహానికి, మంటలొస్తే బయటినుంచి దిగిపోవడానికి కట్టినవి.

"మెట్లు తయారు. నీ గుర్తు కొట్టెయ్" అన్నాడు.

"నేను చెయ్యలేదుగా."

"మా అల్లుడు చేశాడు. వాడికింకా లైసెన్సు రాలేదు. ఇప్పుడు షాపులో లైసెన్సున్నది నీకొక్కదానికే. గుర్తు లేకపోతే తనిఖీ ఆయన ఒప్పుకోడు."

దగ్గరికెళ్ళి చూశాను. జాయింట్లు అల్లుడిలాగే పైకి నున్నగా ఉన్నాయి. సుత్తితో తడితే చప్పుడు తేడాగా వచ్చింది. గ్రైండర్ పెట్టి ఒక మూల కోశాను. పైన పూత తప్ప లోపల ఇనుము ఇనుముని పట్టుకోనేలేదు.

"ఇవన్నీ కోసి మళ్ళీ చేస్తాను. రెండు రోజులివ్వండి" అన్నాను.

"రేపే లారీ వస్తోంది. పైగా వాడు చిన్నబుచ్చుకుంటాడు. మా అమ్మాయి నన్ను బతకనివ్వదు."

అల్లుడి అలక ఏ దేశంలోనైనా అలకే కాబోలు. నేను కదలకపోయేసరికి ఆయన జేబులోంచి కాగితం తీసి విప్పాడు. నా ఉత్తరం. అంతా టైపు చేసి ఉంది. సంతకం చోటు మాత్రం ఖాళీ.

"నువ్వు దానిమీద కొట్టు, నేను దీనిమీద పెడతాను. చేతికి చెయ్యి" అన్నాడు.

ఆశపడ్డాను. అబద్ధం ఎందుకు, నోరూరింది. పాప బడి సంచీ కళ్ళముందు ఆడింది. అంతలో ఇంకోటి కూడా ఆడింది. పొగలో దగ్గుకుంటూ, నొప్పి మోకాళ్ళతో ఒక ముసలమ్మ ఆ మెట్ల మీద కాలు పెట్టడం. ఆ కాలి కింద నా ఏడు, నా చుక్క. ఒళ్ళు మండిపోయింది. ఉత్తరంలో ఆయన రాసింది నిజమే కదా? నేను నిజంగా చేసిన పనిని చేసిందని ఆయన చెప్పడానికి, చెయ్యని పనిని చేశానని నేను చెప్పాలా?

"చూద్దాం" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మాటకి అర్థం ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయినా పాపం, ఎదుటివాళ్ళ నోట ఎప్పుడూ విని ఉండడు. ఆయన గదిలోకి వెళ్ళగానే సుద్దముక్క తీసుకుని ప్రతి మెట్టు మీదా ఇంత పెద్ద ఇంటూ గుర్తు గీశాను. రోజూ సాయంత్రం పంచి ఆయన సొరుగులో పెట్టి వెళ్ళాలి. ఆవేళ నా జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాను.

మా ఆయన అన్నం వడ్డిస్తూ అంతా విన్నాడు. బల్ల మీద పంచి చూసి గరిటె పక్కన పెట్టాడు.

"దొంగతనం అంటాడేమో."

"నా గుర్తు నా జేబులో ఉంటే దొంగతనమా? అది ఆయన సొరుగులో ఉంటే, నేను ఇటు రాగానే ఆయన చేత్తో ఆయనే కొట్టుకుంటాడు. అప్పుడేమంటారు మీరు?"

పంచి తీసి మళ్ళీ నా జేబులోనే వేశాడు. అంతలో ఫోన్ చేసిన వదిన మాత్రం సంగతి విని ఊరుకోలేదు. "ఒక్క సుత్తి దెబ్బకి పిల్ల భవిష్యత్తు పాడు చేస్తావా? నీ పట్టుదల తగలెయ్య! ఎవరు చూడొచ్చారు?" అంది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోను లాక్కున్నాడు. "నీ మేనకోడలే చూస్తుంది అక్కా. దొరికిన మెట్టల్లా వంగి చూస్తుంది. దానికేం చెప్పమంటావు?" అన్నాడు. పెళ్ళైనప్పటినుంచి అక్కకి ఎదురుచెప్పడం నేను చూడలేదు. ఆ పూట ఆయనకి ఇంకో గరిటె కూర వేశాను.

మర్నాడు లారీ ఖాళీగా వెనక్కి పోయింది. చూద్దాంగారు నన్ను పనిలోంచి తీసెయ్యలేదు, తీసేస్తే ఆర్డర్లు ఆగిపోతాయి. పనికి కావాలి, ఉత్తరానికి అక్కర్లేదు. "ఇక ఆ కాగితం సంగతి మర్చిపో" అన్నాడు. జీవితంలో మొదటిసారి సూటిగా మాట్లాడాడు. మెట్ల మీద టార్పాలిన్ కప్పి వెనక పెరట్లో పడేయించాడు. నేను రోజూ దాని పక్కనుంచే, కావాలని చప్పుడు చేస్తూ నడిచాను.

ఆదివారం ముగ్గురం ఊరు తిరిగాం. పాప గుర్తులు వెతకడం, మా ఆయన ఫొటోలు తియ్యడం, నేను పక్కన నిలబడి తిట్టడం. యజమాని ఉత్తరం పెట్టాల్సిన చోట ఆ ఫొటోలు పెట్టి, ఉత్తరం ఎందుకు లేదో నేనే రాశాను. మెట్ల సంగతి, అల్లుడి సంగతి, ఏదీ దాచలేదు. "ఇంత సోది చదువుతారంటావా?" అన్నాడు మా ఆయన. చదవకపోతే వాళ్ళ ఖర్మ అని పంపించేశాను.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం షెడ్డులో అన్నం డబ్బా విప్పుకున్న వేళ ఫోనొచ్చింది. సిఫారసు చేసే ఆఫీసునుంచి. చూద్దాంగారు ఎదుట బల్ల దగ్గర ఉన్నాడు. దాపరికమేముందని స్పీకరు పెట్టాను.

"మీ అర్జీలో యజమాని ఉత్తరం లేదు" అన్నాడు ఆఫీసరు.

"లేదండీ. ఎందుకు లేదో రాశాను."

"చదివాను. ఫొటోలు ఎవరైనా తీసి పెట్టొచ్చు కదమ్మా. ఆ గుర్తు మీదేనని, ఆ పని మీరే చేశారని నేనెలా నమ్మాలి?"

చూద్దాంగారు తినడం ఆపాడు. నేను ఫోను దగ్గరికి జరుపుకున్నాను.

"మీ ఆఫీసు ముందు చక్రాల కుర్చీల కోసం వాలు దారి ఉంది కదండీ. దాని రెయిలింగు నేను చేసిందే. అక్కడ కాపలావాళ్ళు ఫొటో తియ్యనివ్వలేదు, అందుకే పంపలేదు. కిందికెళ్ళి గుమ్మం పక్క స్తంభానికి లోపలివైపు తడమండి. ఏడుంటుంది, పక్కన చుక్క. ఆ పంచి ఇప్పుడు నా జేబులో ఉంది. మీ ముందుకొచ్చి, మీరిచ్చిన ఇనుము మీద వెల్డింగ్ చేసి, కొట్టి చూపిస్తాను. ఎప్పుడు రమ్మంటారు?"

"ఉండండి" అన్నాడు. కుర్చీ జరిగింది. తలుపు, మెట్లు, తర్వాత వీధి చప్పుడు. ఫోను చేత్తో పట్టుకునే దిగినట్టున్నాడు. షెడ్డులో అందరూ డబ్బాలు పక్కన పెట్టి దగ్గరికొచ్చారు.

"ఉంది" అన్నాడు ఆయాసపడుతూ. మళ్ళీ గొంతు మారింది. "కానీ ఇక్కడ కింద ఇంకో కడ్డీ ఉంది, తర్వాత తగిలించినట్టుంది. జాయింటు దగ్గర పగులు. ఇదీ మీ పనేనా?"

చూద్దాంగారు అల్లుడి వైపు ఒకసారి చూసి, టోపీ కోసం వెతుక్కోవడం మొదలెట్టాడు. టోపీ ఆయన నెత్తి మీదే ఉంది.

"దాని పక్కన గుర్తు ఉందా అండీ?"

"లేదు."

"అయితే నాది కాదు" అన్నాను.