ఒక్క తల్లి ముక్కలు

నేను ఒక ఎముకలు కత్తిరించే కత్తెరను. భయపడకండి, నోరు మొరటే గాని మనసు మంచిదే. నేను కొరికినవాళ్ళలో చాలామంది ఆ తర్వాత లేచి నడిచారు.

పుట్టింది జలంధర్‌లో. ఎర్రగా కాలిన ఉక్కును సాగగొట్టి, సానబట్టి, నాకు చిలకముక్కు లాంటి నోరూ జానెడు పిడులూ పెట్టారు. అక్కణ్ణుంచి విశాఖపట్నంలో ఎముకల డాక్టరు నరహరిగారి చేతికి వచ్చాను. ఆయన హస్తవాసి మంచిదని ఊరంతా అనేది. అందులో నా వాటా ఎంతో ఎవరూ అడగలేదు లెండి. ఒకరోజు నా కింది పంటి అంచు కాస్త పెచ్చు ఊడింది. మర్నాటి నుంచి నా చోట కొత్త కత్తెర. మనుషులు పళ్ళూడిన తమ పెద్దవాళ్ళకు అన్నం మెత్తగా వండిపెడతారు, మాకు మాత్రం అటక చూపిస్తారు. డాక్టరుగారి తల్లి నన్ను చూసి, "వక్కలు కత్తిరించుకోడానికి భేషుగ్గా ఉంటుందిరా" అని ముచ్చటపడింది. నేను ఇన్నాళ్ళూ ఏం కత్తిరించానో తెలిశాక "శివశివా!" అంటూ చీపురుతో అవతలికి నెట్టింది.

నన్ను ఆదుకున్నది డాక్టరుగారి కూతురు వకుళ. సముద్రంలో బతికే పగడాల మీద ఆమె పెద్ద చదువు చదివింది. "మనుషులకి అక్కర్లేకపోతే నాకివ్వండి నాన్నా, నా పగడాలకి పనికొస్తుంది" అని సంచిలో వేసుకుంది. అలా ఓడెక్కి అండమాన్ చేరాను.

మేం దిగిన జాలరిపేట తెలుగువాళ్ళది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వలస వెళ్ళినవాళ్ళు. వకుళను డాక్టరమ్మా అని పిలిచేవారు. తాను సూదిమందు డాక్టరును కాదు మొర్రో అంటున్నా వినకుండా మోకాళ్ళ నొప్పులు చూపించేవారు. ఆమె చేతిలో నన్ను చూశాక మాత్రం ఆ నొప్పులు ఎక్కడివక్కడే తగ్గిపోయేవి.

ఆ పేటకొచ్చిన కష్టం ఒక్కటే. ఎదురుగా ఉన్న పగడపు దిబ్బ ఒక ఎండాకాలం నీళ్ళు కాగిపోయి చచ్చింది. పగడం రాయిలా కనిపిస్తుంది గాని, అది వేలకు వేలు చిన్నచిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో కంటికి ఆనని పాచి ఒకటి కాపురముంటుంది. పగడానికి రంగు ఇచ్చేదీ, తిండి వండిపెట్టేదీ ఆ పాచే. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ పొత్తు చెడుతుంది. పాచి వెళ్ళిపోతుంది, పగడం తెల్లబోతుంది, ఆకలితో మాడి చస్తుంది. దిబ్బ చచ్చాక చేపలూ పోయాయి. పడవ ఉన్న సూరాడ ఎర్రయ్య కూడా కూలికి పోవలసి వచ్చింది.

వకుళ ఉపాయం చెప్పింది. మునగకొమ్మ విరిచి పాతితే చెట్టయినట్టు, పగడపు కొమ్మను కత్తిరించి ఇనప బల్లకు కట్టి నీళ్ళలో దించితే పెరుగుతుంది. అవి నిలదొక్కుకునే వరకు అక్కడ వల వెయ్యకూడదు. పేట సరేనంది. ఎర్రయ్య పెళ్ళాం పోలమ్మ ఆడవాళ్ళందరినీ పోగేసి, వలలల్లే దారంతోనే కొమ్మలు కట్టించింది.

ఇంకా బతికున్న దూరపు దిబ్బ మీద ఒక పగడం ఉండేది. కొసలు నీలం, పళ్ళెంలా విచ్చుకున్న ఒళ్ళు, పెళ్ళికూతురి వాలకం. వకుళ దాన్ని చూసి మురిసిపోయింది. కొమ్మలన్నీ దాన్నుంచే కత్తిరించింది. కత్తిరించింది నేనే గనక నాకు బాగా గుర్తు. మరుసటి ఎండాకాలం మళ్ళీ నీళ్ళు కాగాయి. బల్లల మీద కొమ్మలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి తెల్లబడ్డాయి. మొహమాటానికైనా ఒక్కటి మిగల్లేదు. ఎన్ని ముక్కలైతేనేం, ఒక్క తల్లి ముక్కలే కదా, తల్లికి లేని ఓర్పు ముక్కలకెక్కడిది? వకుళ గట్టున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో డాక్టరమ్మా. మా వలలు మాత్రం ఎన్నిమార్లు కాళీగా రానేదు" అన్నాడు ఎర్రయ్య. వాళ్ళు వదులుకున్న వేట గురించి ఒక్క మాటా అనలేదు.

ఇంతలో పడవల రేవు వెనకాల గుంటలో ఇంకో పగడం బతికే ఉందని వకుళ కనిపెట్టింది. సముద్రం వెనక్కి తీసినప్పుడు ఆ గుంట స్నానానికి కాచిన నీళ్ళలా వేడెక్కుతుంది. అక్కడ ఓర్చుకోలేనివి ఎప్పుడో పోయాయి. ఓర్చినవాటి పిల్లల పిల్లల్లో ఇదొక్కటే మిగిలింది. దాని ఒంట్లో చేరిన పాచి కూడా వేడికి జడిసేది కాదు. చూపుకు మాత్రం అది పాతబెల్లం రంగులో, సన్నటి పుల్లలతో, దిష్టిబొమ్మకు తక్కువ. నిన్నటిదాకా దాని మీద పడవల అడుగులు గీకినవాళ్ళే ఇప్పుడు బంగారుకొండ అన్నారు. అందరిదీ ఒకటే పట్టు: బల్లల నిండా ఆ గోధుమరంగుదే కట్టాలి.

వకుళ కాదంది. అదీ ఉండాలి, దూరపు దిబ్బ మీద తెల్లబడి మళ్ళీ కోలుకున్న, అదే జాతి వేరువేరు పగడాల కొమ్మలూ ఉండాలంది.

"గెలిసే కోడిని ఒగ్గేసి ఓడే కోడి మీద పందెమేటి డాక్టరమ్మా?" అన్నాడు ఎర్రయ్య. "ఒకపాలి నీ మాట ఇన్నాం. మల్లీ సచ్చీవాటినే కట్టమంటావా?"

మిగతావాళ్ళు దారం ఉండలు కింద పెట్టేశారు. వాళ్ళు కదిలిపోతే ఆ దిబ్బ ఇక లేవదు. వకుళ అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. సాటి కత్తెరగా నాకే బాధ వేసింది.

"ఇదివరకటి తప్పు నాది" అంది వకుళ. "అందం చూసి ఒక్కదాన్నే నమ్మాను. ఇప్పుడు గట్టితనం చూసి ఒక్కదాన్నే నమ్మితే అదే తప్పు. ఇది ఎండకి ఆగుతుంది. తుఫానుకి ఆగుతుందో లేదో ఎవరికి తెలుసు? పైగా ఈ పగడం ముక్కలన్నీ ఒకటే ప్రాణం. వీటికి తమలో తమకి పిల్లలు పుట్టరు. వేరే పగడం పక్కనుంటేనే పుడతారు."

"బతికితే సాల్లే. పిల్లలెందుకు దానికి?" అన్నాడు ఎర్రయ్య.

మాట నోరు దాటింది. పోలమ్మ తల ఎత్తింది.

"పిల్లలెందుకంటావేటి మావా?" గొంతు పెద్దది చెయ్యలేదు. "నువ్వు మాయమ్మకి తమ్ముడివి. మన రగతం మన కాడే ఉండాలని పెద్దోలు ముడెట్టీసినారు. ఇద్దర్ని కన్నాను. ఇద్దరూ పాలు తాగనేక పోనారు. ఆసుపత్రిలో ఏటన్నారో మర్సిపోనావా? నాను మర్సిపోనేదు."

మనుషుల లెక్క వేరు, పగడాల లెక్క వేరు అని వకుళకు తెలుసు. చెప్పబోయి ఊరుకుంది. నా నోటికి మాటొస్తే నేనూ ఊరుకునేదాన్నే.

"ఆ యేరే కొమ్మలిలా ఇయ్యి డాక్టరమ్మా. నాను కడతాను" అంది పోలమ్మ. ఆమె కూర్చోగానే మిగతావాళ్ళూ కూర్చున్నారు.

కొమ్మలన్నీ కట్టి బల్లలు దించారు. నీళ్ళలో చివరి కొమ్మ సరిచేస్తూ వకుళ నన్ను బల్లమీదే మరిచిపోయింది. కడుపులో కత్తెర మరిచిపోయి కుట్లేసే డాక్టర్ల గురించి ఆసుపత్రిలో విన్నాను. ఈవిడ ఏకంగా సముద్రంలోనే మరిచిపోయింది. నేను జారి బల్ల కాళ్ళ మధ్య ఇసుకలో పడ్డాను. పైన ఎర్రయ్య నన్ను వెతికి వెతికి తిట్టుకోవడం ఊహించుకోగలను.

అడుగున పడ్డాక చాలా చూశాను. ఎండాకాలం దూరపు దిబ్బ కొమ్మలు కొన్ని చచ్చాయి, కొన్ని పాలిపోయి తేరుకున్నాయి, గోధుమరంగుది చెక్కుచెదరలేదు. ఆ తర్వాత తుఫాను వచ్చింది. నిలవనీటి గుంటలో పెరిగిన ఆ సన్నటి పుల్లలు పుటుక్కు పుటుక్కున విరిగి మొదళ్ళే మిగిలాయి. దూరపు దిబ్బ నుంచి తెచ్చిన మొద్దు కొమ్మలు మాత్రం కదలకుండా నిలబడ్డాయి. ఎవరి కష్టకాలం వాళ్ళకుంది, ఎవరి బలం వాళ్ళకుంది. ఏళ్ళు గడిచాయి. ఒక పున్నమి దాటాక గుంట పగడమూ దూరపు దిబ్బ పగడాలూ ఒకేసారి గులాబీరంగు పూసల్లాంటివి నీళ్ళలోకి వదిలాయి. అవి పైకి తేలి కలిసిపోయాయి. కొన్నాళ్ళకు ఆవగింజంత ప్రాణం ఒకటి దిగివచ్చి, చోటు వెతుక్కుని వెతుక్కుని, సరిగ్గా నా నోటి మీద కూర్చుంది. జీవితమంతా కొరికిన నోరు అది. నాకు ఊపిరి ఉంటే బిగబట్టేదాన్ని.

అది గోరంత అయ్యాక, బల్లలు చూడ్డానికి మునిగిన ఎర్రయ్య నన్ను చూశాడు. బకెట్‌తో నీళ్ళలోకి మళ్ళీ మునిగి, నన్ను అందులో ఉంచి, నిండు నీళ్ళతోనే పడవలోకి తీశాడు. వకుళ తొంగి చూసి బకెట్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. పడవ ఒడ్డు వైపు వస్తుంటే పోలమ్మ ఆగలేక నడుము లోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది.

"ఇదేటి, ఆ కట్టినవాటి బిడ్డేనా?" అంది.

"అయుండాలి. ఎక్కణ్ణుంచైనా కొట్టుకొచ్చిందేమో, ఖాయంగా తెలియాలంటే చిన్న ముక్క విరిచి పరీక్ష చెయ్యాలి" అంది వకుళ.

"ఒద్దు, ఇరవకు!" పోలమ్మ బకెట్‌ను రెండు చేతులా పొదివి పట్టుకుంది. చాలాసేపు చూసింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. చప్పున పైట కొంగు తీసి బకెట్ మీద కప్పింది.

"బేగి తీసుకెల్లి దించీ మావా. బిడ్డకి ఎండ తగులుతాంది."