అవ్రిల్ వేసిన కడియం

కొత్త సంవత్సరం పొద్దున హెడ్లీ పొలం గేటు దగ్గర కారు ఆపి, నెవిల్ వెంటనే దిగలేదు. పక్క సీటు ఖాళీ అన్న సంగతి మార్చి నెల నుంచీ తెలుసు. అయినా కారు ఆగగానే ఎడం చెయ్యి ఫ్లాస్కు కోసం అటు చాచే అలవాటు మాత్రం పోలేదు.

"దిగవయ్యా పెద్దాయనా! నువ్వొచ్చి తవ్వుతావని తెలిసి నేల గడ్డకట్టుకుపోతోంది!" అంటూ కెల్విన్ కారు టాపు మీద చరిచాడు. లారీ తోలే మనిషి, గొంతు కూడా లారీ అంతే ఉంటుంది.

వెనకాలే గ్లెండా వచ్చింది. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పి రిటైరైన మనిషి. చంకలో మిన్స్ పైలనే పండగ తీపి కజ్జికాయల డబ్బా, భుజాన నేలలోని పాత లోహాల్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్. "ముందు చేతులు కలపండి, తర్వాత సరసాలు," అంది. గ్లోవులు తీసి, వట్టి చేతులు కలిపి, కొత్త సంవత్సరం చల్లగా ఉండాలనుకున్నాకే మిషన్లు ఆన్ చెయ్యడం వాళ్ల ఆనవాయితీ. కెల్విన్ నెవిల్ చేతిని మామూలు కంటే కాసేపు ఎక్కువ పట్టుకుని వదిలాడు.

"నిన్న కాలవ గట్టు మీద చెవులపిల్లులు రెండు నిలబడి కొట్టుకున్నాయి. మనుషుల్లా!" అన్నాడు కెల్విన్.

"ఈ చలిలోనా? అవి మార్చిలో కొట్టుకుంటాయి. నువ్వు ఏ మందు కొట్టి చూశావో!"

"నీ మీదొట్టు గ్లెండా. అవతల తీతువుల గుంపు కూడా దిగింది, పొలమంతా నల్లగా..."

నెవిల్ ఇవన్నీ వింటూ బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. అసలు అడగాల్సింది ఒకటే. అది అడగడానికే వచ్చాడు.

"మన పిల్ల కనపడిందా?"

"కనపడకేం!" కెల్విన్ తడుముకోలేదు. "నిన్న పొద్దుగూకేముందు. గేటు స్తంభం మీంచి లేచి, కంచె వెంబడి ఎగిరింది. తెల్లగా, చప్పుడు లేకుండా. కాలి కడియం తళుక్కుమంది."

"నేను ఆదివారం చూశాగా, చెప్పలేదూ?" అంది గ్లెండా, డబ్బా మూత సర్దుతూ.

నెవిల్ మొహం విచ్చుకుంది. ఆ మాట వారం రోజులకి సరిపోతుంది.

మన పిల్ల అంటే తెల్ల గుడ్లగూబ. హెడ్లీ కొట్టంలో, దూలం మీద బిగించిన చెక్కపెట్టెలో పుట్టింది. ఏ పిట్ట ఎటు పోయిందో తెలియడానికి వాటి కాళ్లకి అంకెలున్న అల్యూమినియం కడియాలు వేసి వదలడం నెవిల్ భార్య అవ్రిల్ పని. భర్త భూమిలో పాత బిళ్లలు వెతికితే, భార్య ఆకాశంలోకి కొత్త బిళ్లలు పంపేదని కెల్విన్ ఎగతాళి చేసేవాడు. కిందటేడు కాక అంతకు ముందు వేసవిలో, జబ్బు ముదిరి చూపు మసకబారాక, అవ్రిల్ ఆఖరిసారి నిచ్చెన ఎక్కింది. కూనని ఒళ్లో పెట్టుకుని కడియం బిగించింది. అంకెలు మాత్రం ఆనలేదు. నెవిలే టార్చి పట్టుకుని చదివాడు. "ఇంకోసారి," అంది అవ్రిల్. ఎప్పుడూ రెండుసార్లు చదివించుకునేది, పొరపాటు రాకూడదని. చివరి మూడంకెలు ఏడు, ఏడు, రెండు. అవ్రిల్ వేసిన కడియాల్లో అదే ఆఖరిది.

మార్చిలో ఆమె పోయాక నెవిల్ మిషన్ అమ్మేద్దామనుకున్నాడు. "పిచ్చా నీకు? మీ ఆవిడ పిల్ల ఇక్కడే తిరుగుతోంది, చూడ్డానికైనా రా," అని కెల్విన్ లాక్కొచ్చాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు. చిత్రమేమంటే, అందరికీ కనపడిన పిట్ట నెవిల్‌కి మాత్రం ఒక్కసారీ కనపడలేదు. "నువ్వు తల దించుకున్నప్పుడే పోయింది," అనేవాళ్లు. చెవులకి హెడ్‌ఫోన్లు, కళ్లు నేల మీద. నిజమే అనుకునేవాడు.

ముగ్గురూ తలో దిక్కూ విడిపోయారు. కోసిన గోధుమ మోళ్ల మధ్య నేల గట్టిగా ఉంది. నెవిల్‌కి మొదట తుపాకీ తూటా అడుగు బిళ్ల దొరికింది, తర్వాత ఇత్తడి బొత్తాం, అరిగిపోయిన రాగి పెన్నీ నాణెం. గట్టి నేలతో విసిగి కంచె వైపు, రోడ్డు పక్క ముళ్లపొద కిందికి వెళ్లాడు. అక్కడ మిషన్ సన్నగా కూసింది. కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగుకి వచ్చే కూత. ఈ కూత వింటే కొందరు తవ్వకుండానే పోతారు. కానీ చెత్త అని తెలిసినా తీసి పట్టుకుపోవడం, గుంట పూడ్చి తొక్కడం వాళ్ల కట్టుబాటు. మోకాళ్ల మీద కూర్చుని ఆకుల పెంట పక్కకి తీశాడు.

డబ్బా రింగు కాదు. కడియం. అందులో అగ్గిపుల్లంత ఎముక. కడియం లోంచి గడ్డి వేరు ఒకటి దూరి, అవతలికి వచ్చి, మళ్లీ నేలలోకి దిగింది.

బొటనవేలితో మట్టి తుడిచాడు. ఏడు. ఏడు. రెండు.

ముందు ఏమీ తోచలేదు. తర్వాత ఆ వేరు వైపు చూశాడు. వేరు ఒక్క రాత్రిలో దూరదు. ఒక వేసవి అంతా పెరిగిన వేరు అది. పిల్ల ఏ లారీకో తగిలి పడిపోతే, ఏ నక్కో ఈడ్చుకొచ్చి ఉంటుంది. అవ్రిల్ వెనకాలే పోయిందన్నమాట. మరి నిన్న గేటు స్తంభం మీద? ఆదివారం? నవంబరు వానలో, కొట్టం కప్పు మీద తడిసి కూర్చుందని గ్లెండా చెప్పింది... వేరే గుడ్లగూబే అనుకుందామంటే, దాని కాలికి కడియం ఎలా తళుక్కుమంది?

హెడ్‌ఫోన్లు తీశాడు. దూరంగా కెల్విన్ ఏదో అరుస్తున్నాడు, గ్లెండా నవ్వుతోంది. ప్రతి ఆదివారం దారి పొడవునా ఏం చెప్పాలో ఆలోచించుకుని వచ్చి ఉంటారు పాపం. ఎక్కడ కూర్చుంది, ఎటు ఎగిరింది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకుండా చూసుకుని ఉంటారు.

వేరు తెంపాలంటే చెయ్యి రాలేదు. చివరికి తెంపాడు. ఎముకని ఆకుల కిందే కప్పి, గుంట పూడ్చి, ఎడం గ్లోవు లోపల అరచేతిలో కడియం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి హెడ్లీ వచ్చాడు. కెల్విన్ వ్యాను వెనక తలుపు దించి అందరూ సంచులు బోర్లించారు. బంగారమైనా చెత్తయినా దొరికిందంతా పొలం యజమానికి చూపించాలి. దాచినవాడిని మళ్లీ ఎవరూ దగ్గరికి రానివ్వరు. పదిహేనేళ్లుగా ఆ మాట కొత్తవాళ్లకి చెప్పేది నెవిలే.

"ఇంతేనా పెద్దాయనా? బొత్తాం, పెన్నీ? ఏడాదికి బోణీ ఇదా!" అన్నాడు కెల్విన్.

"ఇంతే."

"చెయ్యి బిగించావేం? దెబ్బ తగిలిందా?" అంది గ్లెండా.

"చలి."

హెడ్లీ పెన్నీని వెలుగులో తిప్పి చూసి, తిరిగిచ్చేశాడు. గ్లెండా అందరికీ టీ పోసింది. కంచె అవతల తీతువు ఒకటి అరిచింది.

"నేనూ చూశాను," అన్నాడు నెవిల్.

"దేన్ని?" అన్నాడు కెల్విన్.

"పిల్లని. ఆ ముళ్లపొద దగ్గర."

కెల్విన్ టీ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. గ్లెండాయే తేరుకుని, "ఎలా... ఎలా ఉంది?" అంది.

"బానే ఉంది. కడియం కనపడింది. మీరు చెప్పినట్టే."

కెల్విన్ తల దించి, బూటుకంటిన మట్టిని వ్యాను చక్రానికేసి రాసుకున్నాడు. ఇంకో కాలూ రాసుకున్నాడు. గ్లెండా మిన్స్ పై ఒకటి నెవిల్ కుడిచేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో మూసింది. "తిను. చల్లారిపోతుంది," అంది. అది ఎప్పుడో చల్లారిపోయింది.

"ఆదివారం వస్తావుగా?" అన్నాడు కెల్విన్, మొహం తిప్పుకునే.

"రాకేం."

వాళ్ల బండ్లు వెళ్లిపోయేదాకా నెవిల్ చెయ్యి ఊపాడు. కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. గ్లోవు తీస్తే, అరచేతిలో కడియం గుచ్చుకున్న చోట ఎర్రగా గుండ్రటి అచ్చు పడింది. కళ్లజోడు తగిలించుకుని, అంకెలన్నీ పైకి చదివాడు. చివరి దాకా, మెల్లగా, పక్క సీటుకి వినపడేలా.

చదివి ఆగాడు. అవ్రిల్ అడిగే ఆ ఒక్క మాట కోసం.

అద్దాల మీద ఆవిరి పట్టింది. కాసేపు చూసి, ఇంకోసారి తనే చదివాడు.