రెక్కలు రాని పురుగులు

భిలాయ్ ఖుర్సీపార్‌లో ఆ వీధి మొత్తానికి ఒక్కటే కొబ్బరిచెట్టు, గురునాథరావు పెరట్లోది. సోంపేట నుంచి రైల్లో మొక్కను ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఆయన భార్య కనకరత్నం. ఎనిమిదేళ్ళు నీళ్ళు పోస్తే, తొంభై ఆరులో మొదటి గెల వేసింది. తొలికాయ పైడితల్లికని మొక్కుకుంది. పిందెలు నిమ్మకాయలంత అయ్యాయో లేదో, చెట్టు మొవ్వులో కొమ్ముపురుగు దూరింది.

దుర్గ్ వ్యవసాయ ఆఫీసు నుంచి మనోజ్‌కుమార్ వచ్చాడు. భిలాయ్‌లోనే పుట్టిన తెలుగువాడు, తెలుగులో మొదలెట్టి హిందీలో తేలుతాడు. "అంకుల్, అసలీ అడ్డా ఇదీ" అంటూ పెరట్లో పేడగొయ్యి తవ్వి, బొటనవేలంత తెల్లపురుగుల్ని చూపించాడు. వీటికే రెక్కలొచ్చి చెట్టెక్కుతాయట. మొవ్వులో వేపగింజల కషాయం పోశాడు, గోతిలో ఏదో మందు చల్లాడు.

"యే దవా పురుగుని చంపదు అంకుల్. ఎదగనివ్వదు. రెక్కలు రావు, బస్. మూడు నెలలు సబర్ చెయ్యండి."

చంపకపోతే అదేం మందు! స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్లో ముప్పై ఏళ్ళు ఫోర్‌మన్‌గిరీ చేసిన గురునాథరావుకి ఒళ్ళు మండింది. రిటైరైనా షిఫ్టు అలవాటు పోలేదు. ప్లాంటు సైరన్ మోగినప్పుడల్లా గొయ్యి కెలికి తనిఖీ చేసేవాడు.

"ఏటే ఇది? మందు తిని బలుస్తన్నాయి!"

"మూడు నెల్లన్నాడు కదండీ. చెట్టు జోలికెల్లకండి, మీకు దండవెడతాను" అంది కనకరత్నం.

మాట వింటే ఆయన ఫోర్‌మన్ ఎందుకవుతాడు? ఆవిడ గుడికెళ్ళిన పూట చూసి, డబ్బాడు తారు కాచి, నిచ్చెనెక్కి మొవ్వులో పోసేశాడు. ఇక ఏ పురుగు దూరుతుందో చూస్తానన్నాడు.

అన్నట్టే ఏ పురుగూ దూరలేదు. పదిహేను రోజుల్లో మొవ్వు కుళ్ళి, లాగితే చేతిలోకొచ్చింది. రాలిన పిందెల్ని కొంగులో ఏరుకుని కనకరత్నం వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన సైరన్ మోగినా పెరట్లోకి వెళ్ళలేదు.

మూడో నెల మనోజ్‌కుమార్ వచ్చి, వస్తూనే గొయ్యి తవ్వి ఎగిరి గంతేశాడు.

"దేఖో అంకుల్! ఒక్కదానికీ రెక్కలు రాలేదు. మందు పాస్! చెట్టు సేఫ్!" అని తలెత్తి చూశాడు. పైన మొవ్వు లేని మోడు.

కనకరత్నం బజారు నుంచి తెచ్చిన కొబ్బరికాయను మొగుడి చేతిలో పెట్టింది. మొక్కు తీర్చాలి కదా.

"కొట్టండి. పురుగులు చల్లగా ఉన్నాయి" అంది.